ప్రపంచ ఆంగ్లికన్ వార్తలు: ఎక్కడ చూడాలి, ఎలా సరిచూసుకోవాలి, సంఘానికి ఎలా చెప్పాలి

ఇంగ్లండ్ చర్చికి పెద్దగా, ప్రపంచ ఆంగ్లికన్ సంఘాలకు గౌరవ నాయకత్వంగా ఉండేది కాంటర్‌బరీ ఆర్చిబిషప్. 2025 అక్టోబరు 3న ఆ పదవికి సారా ముల్లాలీ పేరు ప్రకటించారు. ఆ పదవికి ఒక స్త్రీ పేరు రావడం అదే మొదటిసారి. అదే నెల 16న, సంప్రదాయవాద ఆంగ్లికన్ల కూటమి అయిన గాఫ్‌కాన్, కాంటర్‌బరీ చుట్టూ అల్లుకున్న పాత ఏర్పాట్లను ఇక ఒప్పుకోమంటూ ప్రకటన ఇచ్చింది. అప్పటి నుంచి పాఠకులు ఒకే తీరు ప్రశ్నలు పంపుతున్నారు. ఆంగ్లికన్ సంఘం చీలిపోయిందా? మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఎటువైపు? ఈ వాట్సాప్ మెసేజ్ నిజమేనా? అసలు వార్త ఎక్కడ దొరుకుతుంది?

మీరే వెతికి, సరిచూసుకుని, ఆదివారం ప్రకటనల వేళ సంఘం ముందు నిలబడి చెప్పగలిగే పద్ధతి కింద రాస్తున్నాను. పాస్టరేట్ కార్యదర్శులు, యవ్వనస్థుల కూటమి వాళ్లు, స్త్రీల మైత్రి నాయకురాళ్లు, గల్ఫ్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ ఉంటున్న మనవాళ్లు, అందరికీ పనికొచ్చేలా చూశాను.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఎవరి మాటకు ఎంత బలం

వెబ్‌సైట్ల పేర్లతో మొదలుపెట్టిన వాళ్లు చాలావరకు అయోమయంలో పడతారు. ఈ ప్రపంచ సంఘం ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. అది తెలిస్తే సగం పుకార్లు చదివిన వెంటనే తేలిపోతాయి. అందుకే ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడదాం.

ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో 42 ప్రావిన్సులు ఉన్నాయి. ప్రావిన్స్ అంటే ఒక దేశంలోనో ప్రాంతంలోనో సొంతంగా నడిచే సంఘం, అందులో ఒక బిషప్ కింద ఉండేది డయాసిస్, డయాసిస్‌లో ఒక పాస్టరు కింద ఉండేది పాస్టరేట్. శ్రీలంకలోని చర్చ్ ఆఫ్ సిలోన్ లాగా ఏ ప్రావిన్స్‌లోనూ లేని చిన్న సంఘాలు మరికొన్ని ఉన్నాయి. ప్రతి ప్రావిన్స్‌కూ సొంత సినడ్ (నిర్ణయాలు చేసే సభ), సొంత రాజ్యాంగం. ఇంగ్లండ్ సినడ్ చేసిన తీర్మానం నైజీరియాలో చెల్లదు, అమెరికాలో చేసింది మన దగ్గర చెల్లదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌కు పోపు లాంటి అధికారం లేదు. వేరే ప్రావిన్స్‌లోని ఒక చిన్న పాస్టరేట్‌కు కూడా ఆజ్ఞ ఇవ్వలేరు.

వీళ్లందరినీ కలిపి ఉంచే ఏర్పాట్లు నాలుగు:

- కాంటర్‌బరీ ఆర్చిబిషప్. సమావేశాలకు పిలుపునిస్తారు. గౌరవం రీత్యా సమానుల్లో ప్రథములు.
- లాంబెత్ సమావేశం. ప్రపంచంలోని బిషప్పులంతా కలిసే సభ. 1867లో మొదలైంది. ఇటీవలిది 2022లో కాంటర్‌బరీలో జరిగింది. నైజీరియా, ఉగాండా, రువాండా బిషప్పులు దానికి వెళ్లలేదు.
- ఆంగ్లికన్ కన్సల్టేటివ్ కౌన్సిల్, క్లుప్తంగా ఏసీసీ. బిషప్పులతో పాటు గురువులు, సామాన్య విశ్వాసులు కూడా కూర్చునేది నాలుగింటిలో ఇదొక్కటే. తొలి సమావేశం 1971లో కెన్యాలోని లిమూరులో జరిగింది.
- ప్రైమేట్ల సమావేశం. ప్రావిన్సుల పెద్దలు కలుస్తారు. మన తరఫున సి.ఎస్.ఐ. మాడరేటర్ వెళ్తారు.

ఈ నాలుగింటిలో ఏది ఏం చెప్పినా అది సలహాయే. ఆయా ప్రావిన్స్ సినడ్ ఒప్పుకుంటేనే అక్కడ అమలవుతుంది. ఏ వార్త చదివినా ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి.

ఇక మన స్థానం. సి.ఎస్.ఐ. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాల వాళ్లు కలిసి కట్టుకున్న ఐక్య సంఘం అది. కాబట్టి సి.ఎస్.ఐ. ఆంగ్లికన్ కమ్యూనియన్‌లోనే కాదు, ప్రపంచ మెథడిస్టు కౌన్సిల్‌లోనూ, సంస్కరణ సంఘాల ప్రపంచ కూటమిలోనూ సభ్యురాలు. తెలుగు నేల మీద దోర్నకల్, మెదక్, కరీంనగర్, కృష్ణా-గోదావరి, రాయలసీమ, నంద్యాల డయాసిస్‌లు ఉన్నాయి. దోర్నకల్, నంద్యాల ఆంగ్లికన్ వేళ్ల నుంచి వచ్చినవి, మెదక్ వెస్లియన్ మెథడిస్టు వేళ్ల నుంచి వచ్చింది. మెదక్‌లో ఒక పెద్దాయన "మనకూ కాంటర్‌బరీకీ ఏం సంబంధం?" అని అడిగితే కసురుకోకండి. ఆ ప్రశ్నకు న్యాయం ఉంది.

సిద్ధపడ్డారో లేదో చూసుకోండి:
- ప్రావిన్స్, డయాసిస్, పాస్టరేట్ తేడా ఒక్క వాక్యంలో చెప్పగలను.
- నాలుగు ఏర్పాట్ల పేర్లు చూడకుండా రాయగలను.
- మన సంఘానికి చివరి మాట సి.ఎస్.ఐ. సినడ్‌దేనని నాకు తెలుసు.

2. బుక్‌మార్కులు మూడు ఫోల్డర్లుగా పెట్టుకోండి

ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ బ్రౌజర్ తెరిచి మూడు ఫోల్డర్లు చేయండి. అన్నీ ఒకేచోట కలిపేస్తే అధికార ప్రకటన ఏదో, అభిప్రాయం ఏదో పది రోజుల్లో మరిచిపోతారు.

మొదటి ఫోల్డర్, మూలాలు. ఆంగ్లికన్ కమ్యూనియన్ అధికారిక వెబ్‌సైట్, దాని వార్తా విభాగమైన ఆంగ్లికన్ కమ్యూనియన్ న్యూస్ సర్వీస్, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వెబ్‌సైట్, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ వెబ్‌సైట్, సి.ఎస్.ఐ. సినడ్ వెబ్‌సైట్, మీ డయాసిస్ పేజీ. గాఫ్‌కాన్, గ్లోబల్ సౌత్ ఫెలోషిప్ (ఆఫ్రికా, ఆసియా లాంటి ప్రాంతాల సంప్రదాయవాద సంఘాల కూటమి) సొంత వెబ్‌సైట్లు కూడా ఇందులోనే ఉండాలి. వాళ్ల ప్రకటనలకు మూలం వాళ్లే కదా.

రెండో ఫోల్డర్, వార్తా పత్రికలు. లండన్ నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చే చర్చ్ టైమ్స్ 1863 నుంచి నడుస్తోంది. అది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సొంత పత్రిక కాదు, స్వతంత్రంగా నడుస్తుంది. చందా లేకపోతే కొన్ని వ్యాసాలే చదవనిస్తుంది. అమెరికాలో 1878లో మొదలైన ది లివింగ్ చర్చ్ కూడా స్వతంత్ర పత్రికే. ఎపిస్కోపల్ న్యూస్ సర్వీస్ అమెరికా ఎపిస్కోపల్ సంఘపు అధికారిక వార్తా సంస్థ. కెనడా వార్తలకు ఆంగ్లికన్ జర్నల్ ఉంది.

మూడో ఫోల్డర్, అభిప్రాయాలు. థింకింగ్ ఆంగ్లికన్స్ ఉదారవాదుల వైపు మొగ్గుతుంది, ఆంగ్లికన్ ఇంక్ సంప్రదాయవాదుల వైపు. రెండూ పెట్టుకోండి. ఒక్కటే చదివితే రెండో పక్షం బాధ ఏమిటో మీకు ఎన్నటికీ అర్థం కాదు. సంఘంలో రెండు పక్షాల మనుషులూ ఉంటారు.

ఈమెయిల్ వార్తాలేఖ ఇచ్చేచోట నమోదు చేసుకోండి. దానికి వేరే ఈమెయిల్ ఖాతా తెరిస్తే మంచిది. ఇంటి బిల్లుల మధ్య సంఘ వార్తలు కనబడకుండా పోతాయి.

3. వారానికి ఒక్కసారి, ఒకే వరుసలో

రోజూ చూడాల్సిన పని లేదు. శనివారం ఉదయం ముప్పావుగంట చాలు. శుక్రవారం పత్రికలు వచ్చేసి ఉంటాయి, ఆదివారానికి ఇంకా సమయం ఉంటుంది. చూసే వరుస మాత్రం మార్చకండి:

- ముందు సినడ్, మీ డయాసిస్ ప్రకటనలు.
- తర్వాత ఆంగ్లికన్ కమ్యూనియన్ వార్తా విభాగం.
- తర్వాత స్వతంత్ర పత్రికల్లో ఒకటి.
- అభిప్రాయాలు చివర్న, ఓపిక ఉంటేనే.

తలకిందులుగా చేస్తే, ముందు ఎవరి కోపమో చదివి, ఆ కోపంతోనే అసలు వార్త చదువుతారు.

పెద్ద ప్రకటనలు, నేరుగా ప్రసారమయ్యే ఆరాధనలు ఉన్నప్పుడు గడియారం చూసుకోండి. లండన్ మనకంటే మార్చి చివర నుంచి అక్టోబరు చివర వరకు నాలుగున్నర గంటలు, మిగతా నెలల్లో అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. జూలైలో అక్కడ ఉదయం పది అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర.

ఇంగ్లండ్ జనరల్ సినడ్ మామూలుగా ఫిబ్రవరిలో లండన్‌లోనూ, జూలైలో యార్క్‌లోనూ కూర్చుంటుంది. వాట్సాప్‌లో పుకార్లు జోరందుకునేది ఆ రెండు నెలల్లోనే. 2026 మధ్యలో బెల్‌ఫాస్ట్‌లో పెట్టుకున్న ఏసీసీ 19వ సమావేశం కూడా అలాంటిదే. కమ్యూనియన్ నిర్మాణాన్నే మార్చాలనే నైరోబీ-కైరో ప్రతిపాదనలు ఆ సమావేశం పరిశీలనకు వెళ్లినవి. వాటి గురించి ఏ వార్త వచ్చినా ముందు తీర్మానం పాఠం చదవండి, వ్యాఖ్యలు తర్వాత.

4. వార్తను సరిచూసే ఆరు ప్రశ్నలు

ఒక వార్త పంచుకునే ముందు ఈ ఆరూ అడగండి:

- ఈ మాట అన్నది ఎవరు? వ్యక్తా, సినడా, కూటమా?
- ఆ మాట అనే అధికారం వాళ్లకు ఉందా?
- ఏ ప్రావిన్స్‌కు వర్తిస్తుంది?
- ఇది ప్రతిపాదనా, తీర్మానమా, అమల్లోకి వచ్చిందా?
- తేదీ ఎప్పటిది?
- మూలంలో ఆ మాట నా కళ్లతో చూశానా?

ఒక ఉదాహరణతో చూద్దాం. "ఇంగ్లండ్ చర్చిలో స్వలింగ వివాహాలు మొదలయ్యాయి" అని 2023 డిసెంబరులో చాలా గ్రూపుల్లో తిరిగింది. జరిగింది వేరు. 2023 ఫిబ్రవరి 9న జనరల్ సినడ్ మూడు సభలుగా ఓటు వేసింది. గురువుల సభలో 111 మంది అవునంటే 85 మంది కాదన్నారు. సామాన్య విశ్వాసుల సభలో 103కి 92. ఆ దారిలో అదే ఏడాది డిసెంబరు 17 నుంచి, మామూలు ఆరాధనల మధ్యలో స్వలింగ జంటల కోసం ఆశీర్వాద ప్రార్థనలు చేయడానికి అనుమతి వచ్చింది. వివాహం స్త్రీ పురుషుల మధ్య అన్న ఆ సంఘపు సిద్ధాంతం మారలేదు. చర్చిలో స్వలింగ వివాహం జరపడానికీ వీల్లేదు.

ఈ నిర్ణయం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఆ ఓటు తర్వాత పదకొండు రోజులకే గ్లోబల్ సౌత్ ప్రైమేట్లు అప్పటి ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీని కమ్యూనియన్ నాయకుడిగా గుర్తించలేమన్నారు. గాయం అంత లోతైనది. అందుకే మాట తప్పుగా చేరకూడదు. ఆశీర్వాద ప్రార్థనను వివాహం అని చెప్పడం రెండు పక్షాలకూ అన్యాయమే.

తేదీల విషయంలో రెండో ఉదాహరణ. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ నియామకం ఒక్క రోజులో అయ్యేది కాదు. ఒక కమిషన్ పేరు ఎంచుతుంది. ఓటు ఉన్న 17 మంది సభ్యుల్లో అయిదుగురు ఇంగ్లండ్ బయటి ప్రావిన్సుల నుంచి వస్తారు. రాజు ఆమోదిస్తారు, పేరు ప్రకటిస్తారు. కాంటర్‌బరీ కెథీడ్రల్ గురువుల మండలి ఎన్నుకుంటుంది. ఎన్నిక ధ్రువీకరణ జరిగాకే పదవి చట్టప్రకారం వస్తుంది. ప్రతిష్ఠ ఆరాధన ఆ తర్వాత. పేరు ప్రకటించిన రోజునే "ఆర్చిబిషప్ అయ్యారు" అని రాసిన తెలుగు పోస్టులు ఎన్నో చూశాం. ముల్లాలీ విషయంలో ప్రకటనకూ ధ్రువీకరణకూ మధ్య నెలలు గడిచాయి.

ఇక మొదట్లో చెప్పిన గాఫ్‌కాన్ ప్రకటన మీద ఈ ఆరు ప్రశ్నలూ పెట్టండి. అన్నది కూటమి. తన సభ్యుల తరఫున మాట్లాడే హక్కు దానికి ఉంది. కానీ ఏ ప్రావిన్స్ కమ్యూనియన్ నుంచి బయటకు వెళ్లాలన్నా ఆ ప్రావిన్స్ సినడ్ తన రాజ్యాంగం ప్రకారం తేల్చుకోవాలి. మన విషయంలో అయితే సి.ఎస్.ఐ. సినడ్. ఒక కూటమి లేఖతో మన పాస్టరేట్‌లో రాత్రికి రాత్రి ఏదీ మారదు.

5. మన సి.ఎస్.ఐ. వార్తలకు ప్రత్యేక జాగ్రత్త

లండన్ వార్త కన్నా, సి.ఎస్.ఐ. సినడ్ కార్యాలయం ఉన్న చెన్నై వార్త సరిచూడటం కష్టం. సినడ్ వెబ్‌సైట్‌లో అన్నీ వెంటనే రావు. సి.ఎస్.ఐ. లైఫ్ పత్రిక నెలకోసారి వస్తుంది. ఈ ఖాళీలోకి యూట్యూబ్ చానళ్లు దూరతాయి.

మాడరేటర్ ఎన్నిక వ్యవహారం మద్రాసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇలాంటి కేసుల్లో "కోర్టు ఫలానా వారిని తొలగించింది" అన్న శీర్షిక చూడగానే ఆగండి. అది మధ్యంతర ఉత్తర్వా, తుది తీర్పా, స్టే వచ్చిందా అన్నది తెలియాలి. సుప్రీంకోర్టు, హైకోర్టు వెబ్‌సైట్లలో కేసు నంబరుతోనో పేరుతోనో వెతికితే ఉత్తర్వు దొరుకుతుంది. చివరి రెండు పేజీలు చదవండి, ఆదేశాలు అక్కడే ఉంటాయి. చట్టపు భాష అర్థం కాకపోతే సంఘంలో ఉన్న న్యాయవాదిని అడగండి. స్పష్టత రాకపోతే ఆ వారం ఆ వార్త చెప్పకండి.

6. పేరులో ఆంగ్లికన్ ఉన్నంత మాత్రాన

ఆంగ్లికన్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. 2009లో ఏర్పడిన ఉత్తర అమెరికా ఆంగ్లికన్ సంఘాన్ని గాఫ్‌కాన్ గుర్తించింది, కానీ అది కమ్యూనియన్ సభ్య సంఘాల జాబితాలో లేదు. 1977లో అమెరికాలోని సెయింట్ లూయిస్ మహాసభ తర్వాత విడిగా ఏర్పడిన సంఘాలు కూడా అనేక దేశాల్లో ఆంగ్లికన్ పేరుతోనే నడుస్తున్నాయి. వాళ్ల భక్తిని శంకించాల్సిన పని లేదు. ఎవరు ఎవరికి చెందినవారో స్పష్టంగా చెబితే చాలు.

ఎవరైనా "ఆంగ్లికన్ బిషప్" అని పరిచయం చేసుకుని స్థలమో, చందాలో, మీ పాస్టరేట్ పత్రాలో అడిగితే:
- కమ్యూనియన్ వెబ్‌సైట్‌లోని సభ్య సంఘాల జాబితాలో ఆ సంఘం ఉందేమో చూడండి.
- ఇంగ్లండ్ గురువు అయితే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జాతీయ గురువుల రిజిస్టర్‌లో పేరు వెతకండి. అది ఆన్‌లైన్‌లో ఉచితం.
- మీ బిషప్ కార్యాలయానికి ఫోన్ చేసి అడగండి.
- ఈ మూడూ అయ్యేదాకా పైసా ఇవ్వకండి, సంతకం పెట్టకండి.

7. ప్రార్థనకు, పఠనాలకు, పాత రికార్డులకు

కమ్యూనియన్ వెబ్‌సైట్‌లో ఆంగ్లికన్ ప్రార్థన చక్రం ఉంది. ఏ రోజు ఏ డయాసిస్ కోసం ప్రార్థించాలో అందులో తేదీల వారీగా ఉంటుంది. మధ్యవర్తిత్వ ప్రార్థన నడిపేవారు శనివారమే ఆ పేరు రాసుకోవాలి. ఆ డయాసిస్ ఏ దేశంలో ఉందో, అక్కడేం జరుగుతోందో ఒక్క వాక్యం తెలుసుకుంటే ప్రార్థనలో ప్రాణం ఉంటుంది. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే పాటించగలనంటే నేను దీన్నే పాటించమంటాను.

వాక్య పఠనాలకు సి.ఎస్.ఐ. ఆల్మనాక్ (ఏడాది ఆరాధనల క్యాలెండర్) చూడండి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ డెయిలీ ప్రేయర్ యాప్ మంచిదే, అయితే దాని పఠనాలు మన ఆల్మనాక్‌తో అన్ని రోజులూ కలవవు. ఇంట్లో వాడుకోండి, బలిపీఠం దగ్గర ఆల్మనాక్‌నే నమ్మండి.

పాస్టరేట్ వందేళ్లో నూట యాభై ఏళ్లో జరుపుకుంటూ పాత కాగితాల కోసం వెతికేవారు ముందు తమది ఏ మిషన్ వేసిన సంఘమో తేల్చుకోవాలి. మచిలీపట్నం వైపు పనిచేసిన సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) రికార్డులు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. నంద్యాల వైపు పనిచేసిన ఎస్.పి.జి. (సువార్త ప్రచార సొసైటీ) రికార్డులు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. కడప, గుత్తి వైపు పనిచేసిన లండన్ మిషన్‌వీ, మెదక్ వెస్లియన్ మిషన్‌వీ లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ కళాశాలలో దొరుకుతాయి. కేటలాగులు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఊరి పేరు పాత ఇంగ్లిష్ స్పెల్లింగులన్నిటితో వెతకండి: కడపకూ, మచిలీపట్నానికీ అప్పట్లో రాసిన తీరు వేరు. అచ్చులో లేని పాత ఆంగ్లికన్ పుస్తకాలకు ప్రాజెక్ట్ కాంటర్‌బరీ వెబ్‌సైట్ ఉచితం.

8. విదేశంలో ఉన్నవారికి

ఇంగ్లండ్‌లో దగ్గరి చర్చి కోసం ఎ చర్చ్ నియర్ యూ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆరాధన వేళలతో సహా వస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సైప్రస్ అండ్ ది గల్ఫ్ డయాసిస్ వెబ్‌సైట్ చూడాలి. దుబాయ్ హోలీ ట్రినిటీ, దోహా ఆంగ్లికన్ సెంటర్ లాంటి ప్రాంగణాల్లో ఎన్నో భాషల సంఘాలు వేర్వేరు వేళల్లో కూడుకుంటాయి. వాటిలో ప్రతిదీ ఆంగ్లికన్ సంఘం కాదు. ప్రాంగణ కార్యాలయంలో అడిగి వెళ్లండి. ఊరు వదిలే ముందు మీ పాస్టరు గారి దగ్గర సభ్యత్వ లేఖ, బాప్తిస్మ, నిర్ధారణ సర్టిఫికెట్లు తీసుకోవడం మరవకండి.

9. సంఘానికి చెప్పే తీరు

ఒక పేజీ దాటకూడదు. మూడు వార్తలు చాలు: ఒకటి డయాసిస్‌ది, ఒకటి సినడ్‌ది, ఒకటి ప్రపంచానిది. ప్రతి వార్త కింద మూలం పేరు, తేదీ రాయండి. ఆ తర్వాత ఒక ప్రార్థన అంశం.

యంత్ర అనువాదాన్ని అలాగే దింపకండి. ప్రావిన్స్‌ను రాష్ట్రమనీ, సంఘ నియమమైన కాననును చట్టమనీ రాసేస్తుంది. పదవుల పేర్లు, సంస్థల పేర్లు ఉన్నవి ఉన్నట్టు తెలుగు లిపిలో పెట్టి, మిగతాది మీ మాటల్లో చెప్పండి. పత్రిక వ్యాసం మొత్తం అనువదించి పంచడం వాళ్ల హక్కులకు భంగం. సారాంశం చెప్పి లింకు ఇవ్వండి.

పేజీని నోటీసు బోర్డుకు పెట్టే ముందు పాస్టరు గారికి చూపించండి. వివాదపు వార్త అయితే ఆయన చెప్పడమే సబబు.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

తప్పు: ఒక బిషప్ ఇంటర్వ్యూను సంఘం నిర్ణయంగా చెప్పడం.
సవరణ: "ఫలానా బిషప్ అభిప్రాయపడ్డారు" అని మొదలుపెట్టండి. సినడ్ ఓటు జరిగితేనే "సంఘం నిర్ణయించింది" అనండి.

తప్పు: పాత వార్త కొత్తగా తిరగడం. వెల్బీ రాజీనామా ప్రకటించింది 2024 నవంబరు 12న. ఆ ఫొటో ఇప్పటికీ తాజా వార్తలా గ్రూపుల్లోకి వస్తుంది.
సవరణ: ఫొటో కాదు, మూల పేజీలో తేదీ చూడండి.

తప్పు: అంకెలు మూలం లేకుండా వాడటం.
సవరణ: లెక్క ఎవరు చేశారో చెప్పలేకపోతే అంకె తీసేయండి.

తప్పు: కష్టాల వార్తలు, కలహాల వార్తలు మాత్రమే ఏరుకోవడం.
సవరణ: మూడింటిలో ఒకటి పనికి సంబంధించినది ఉండాలి: ఆసుపత్రి, బడి, వరద సహాయం, కొత్త గురువుల అభిషేకం. 2013లో నంద్యాలకు పుష్పలలిత గారు సి.ఎస్.ఐ. తొలి మహిళా బిషప్ అయినప్పుడు ఆ వార్త మన ఊళ్ల నుంచే ప్రపంచానికి వెళ్లింది. మన దగ్గర అలాంటిది జరిగితే ఫొటోలతో, తేదీలతో డయాసిస్ కార్యాలయానికి పంపండి. కమ్యూనియన్ వార్తా విభాగానికి సమాచారం చేరేది ఆ దారినే.

తప్పు: పొరపాటు చెప్పి, ఊరుకోవడం.
సవరణ: మరుసటి ఆదివారం అదే చోట, అదే గ్రూపులో, "పోయిన వారం చెప్పిన ఫలానా వార్తలో ఈ భాగం సరికాదు, సరైనది ఇది" అని చెప్పండి. వాట్సాప్‌లో పాత మెసేజ్‌ను అందరికీ తొలగించండి. ఆ వీలు లేకపోతే దానికే జవాబుగా సవరణ పెట్టండి.